బాధ ఎప్పుడు కళ అవుతుంది? వెళ్లగక్కడానికీ మలచడానికీ ఉన్న తేడా

క్లుప్తంగా: బాధను రాతగానో బొమ్మగానో పాటగానో మార్చుకుంటే మనసు తేలికపడుతుందన్న మాట సగమే నిజం. కోపాన్ని, దుఃఖాన్ని ఉన్నదున్నట్టు వెళ్లగక్కితే అవి తగ్గకపోవచ్చు, ఒక్కోసారి పెరగవచ్చు కూడా. ఆ భావానికి కొంత దూరం, ఒక రూపం దొరికినప్పుడే మనసుకు ఊరటా, చేతికి మంచి పనీ దక్కే అవకాశం ఎక్కువ. ఎంత బాధపడితే అంత గొప్ప కళ పుడుతుందన్న నమ్మకానికి మాత్రం ఆధారాలు బలహీనం.

మనసు బాగోలేకపోతే రాయమంటారు. కోపం వస్తే బొమ్మ గీయమంటారు. ప్రేమ విఫలమైతే మంచి కవిత్వం వస్తుందని ఓదారుస్తారు. ఈ సలహాలు అందరికీ తెలిసినవే. పాటించినవాళ్ల అనుభవాలు మాత్రం ఒకలా ఉండవు. ఒకరు రెండు పేజీలు రాసి హాయిగా నిద్రపోతారు. మరొకరు అవే రెండు పేజీలను నెలల తరబడి తిరగరాస్తూ, రాసిన ప్రతిసారీ ఇంకాస్త కుంగిపోతారు. ఇద్దరూ చేసింది పైకి ఒకే పనిలా కనిపిస్తుంది కాబట్టి, సలహా పనిచేస్తుందో లేదో తేలక జనం తికమకపడతారు.

నిజానికి అక్కడున్నవి రెండు వేర్వేరు పనులు. లోపల ఉన్నదాన్ని బయటికి తోసేయడం ఒకటి. లోపల ఉన్నదాన్ని ముడిసరుకుగా తీసుకుని, ఇంకొకరు చూడగలిగే, వినగలిగే వస్తువును తయారు చేయడం రెండోది. మొదటిదాని గురించి చెప్పాల్సిన మాటలను రెండోదానికి, రెండోదాని గురించి చెప్పాల్సినవి మొదటిదానికి అంటగట్టడం వల్లే గందరగోళమంతా.

క్రౌంచపక్షి ప్రశ్న

ఈ తేడాను పట్టుకున్నవాళ్లలో కాశ్మీర ఆలంకారికుడు అభినవగుప్తుడు ముఖ్యుడు. సుమారు వెయ్యేళ్ల కిందటివాడు. వేటగాడి బాణానికి కూలిన క్రౌంచపక్షిని, దాని జంట పక్షి ఏడుపును చూసి వాల్మీకి నోట శ్లోకం పుట్టిన కథ అందరికీ తెలుసు. ముని శోకమే శ్లోకమైందని సాధారణంగా చెప్పుకుంటాం. అభినవగుప్తుడు అక్కడే అడ్డు తగిలాడు. ఆ శోకం మునిది అనుకోవద్దన్నాడు. ముని తానే దుఃఖంలో మునిగి ఉంటే ఆ దుఃఖం ఆయన్ని బాధపెట్టేది, అంతే. కవిత్వం పలికే స్థితి ఉండేది కాదు. ఒకరి సొంత శోకం అన్న హద్దు దాటి, అందరూ ఆస్వాదించగల కరుణరసంగా మారాకే అది శ్లోకమైందని ఆయన వివరణ.

ఇందులో ఉన్నది నిఖార్సైన మనస్తత్వ పరిశీలన. భావం ఒకటి, రసం ఒకటి. రెండింటి మధ్య ఒక మార్పు జరగాలి. ఆ మార్పులో 'నాది' అన్న పట్టు కొంత సడలాలి.

పాశ్చాత్య ఆలోచన చాలాకాలం వేరే దారిలో నడిచింది. విషాద నాటకం చూసే ప్రేక్షకుల్లో జాలి, భయం ప్రక్షాళన అవుతాయని అరిస్టాటిల్ అన్నాడు. 1890లలో వియన్నా వైద్యులు బ్రాయర్, ఫ్రాయిడ్ అదే మాటను చికిత్సకు అన్వయించారు. అణిచిపెట్టిన భావాన్ని బయటికి రానిస్తే రోగి కుదుటపడతాడన్నారు. జనంలో బాగా పాతుకుపోయింది ఈ ఆలోచనే. కోపం లోపల పేరుకుంటుంది, ఎక్కడో ఒకచోట కక్కేయాలి అనే మాట దీని వారసత్వమే. ఫ్రాయిడ్ తర్వాత చెప్పిన 'ఉదాత్తీకరణ' మాత్రం వేరు. సమాజం ఒప్పుకోని ప్రేరణ దారి మళ్లి, కళగానో విజ్ఞానంగానో పైకి రావడం అది. కక్కేయడం కంటే ఇదే మన విషయానికి దగ్గర. కానీ జనానికి ఎక్కింది మొదటిదే.

కక్కేస్తే కోపం తగ్గుతుందా

తగ్గదనే ఆధారాలు చెబుతున్నాయి. 2002లో మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్మన్ ప్రచురించిన ప్రయోగంలో సుమారు 600 మంది విద్యార్థులు పాల్గొన్నారు. వాళ్లు రాసిన వ్యాసాన్ని ఎవరో ఘాటుగా తిట్టినట్టు చూపించి కోపం తెప్పించారు. తర్వాత కొందరిని, తిట్టిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును కొట్టమన్నారు. కొందరిని, ఇది వ్యాయామం అనుకుంటూ కొట్టమన్నారు. మిగిలినవాళ్లు ఊరికే కూర్చున్నారు. చివరికి అందరికంటే కోపంగా ఉన్నది తిట్టినవాణ్ని తలుచుకుంటూ కొట్టినవాళ్లే. దూకుడు అందరికంటే తక్కువ కనిపించింది ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లలో. 2024లో సోఫీ క్యార్విక్‌తో కలిసి బుష్మన్ 154 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసినప్పుడూ ఇదే తేలింది. శరీరాన్ని శాంతపరిచే పనులు కోపాన్ని తగ్గించాయి. ఉద్రేకాన్ని పెంచే పనుల వల్ల మొత్తమ్మీద లాభం కనిపించలేదు.

దీని వెనకున్న యంత్రాంగం సులువైనదే. తిట్టినవాణ్ని తలుచుకుంటూ కొట్టిన ప్రతి దెబ్బా ఆ అవమానాన్ని మళ్లీ గుర్తుచేస్తుంది. శరీరం ఉద్రేకంలోనే ఉంటుంది, మనసు అదే దృశ్యం చుట్టూ తిరుగుతుంది. కోపంతో రాసి, ఒక్క అక్షరం మార్చకుండా పోస్ట్ చేసే పేజీ కూడా చాలావరకు ఈ పంచింగ్ బ్యాగే. కింద వచ్చే ప్రతి కామెంటూ రాసినవాళ్లను మళ్లీ ఆ సంఘటన దగ్గరికే తీసుకెళ్తుంది.

అలాగని కోపానికి సృజన చేతకాదని కాదు. మథైస్ బాస్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, కోపంగా ఉన్నవాళ్లకు మొదట్లో ఆలోచనలు ఎక్కువగా, కొత్తగా వచ్చాయి. కాసేపటికే ఆ జోరు తగ్గింది. వాళ్ల ఆలోచన ఒక క్రమంలో సాగకుండా అటూ ఇటూ దూకింది. కోపంలో రాసేవాళ్ల చిత్తుప్రతుల్లో తరచూ కనిపించేది అదే. మొదటి పేజీలో నిప్పులుంటాయి, నాలుగో పేజీకి అవే తిట్లు తిరిగొస్తాయి. కాబట్టి కోపాన్ని ముడిసరుకు సేకరించడానికి వాడుకోవచ్చు. కూర్పు పని దానికి అప్పగిస్తే చెడుతుంది.

రాతలో జరిగేది ఏమిటి

బాధ గురించి రాయడం మీద ఆధునిక పరిశోధన 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన చిన్న అధ్యయనంతో ఊపందుకుంది. 46 మంది విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు రాశారు. కొందరు మామూలు విషయాలు రాశారు. కొందరు తమ జీవితంలోని బాధాకరమైన ఘటన గురించి భావాలు మాత్రమే, కొందరు వాస్తవాలు మాత్రమే, ఇంకొందరు రెండూ కలిపి రాశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లే అవసరం తగ్గినట్టు కనిపించింది రెండూ కలిపి రాసినవాళ్లలోనే. అయితే రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు. ఆ పూటకు ఇంకా దిగులుగానే ఉన్నారు. ఊరట తర్వాతెప్పుడో వచ్చింది.

ఈ పద్ధతి గురించి జనంలో ప్రచారం ఎక్కువ కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2006లో జోఆన్ ఫ్రాటరోలి 146 అధ్యయనాలను కలిపి చూస్తే మేలు ఉన్నట్టు తేలింది, కానీ సగటున చిన్న మేలే. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి ఏమాత్రం పనిచేయదు.

ఎవరికి పనిచేస్తుందన్నదానికి ఆసక్తికరమైన ఆనవాలు ఆ రాతల్లోనే దొరికింది. పెన్నెబేకర్ బృందం వాటిలోని మాటలను లెక్కపెట్టింది. మొదటి రోజు నుంచి చివరి రోజుకు 'ఎందుకంటే', 'కాబట్టి', 'ఇప్పుడు అర్థమైంది' లాంటి మాటలు పెరుగుతూ వచ్చినవాళ్లకు మేలు ఎక్కువ జరిగింది. మొదటి రోజే కథ అంతా చక్కగా అల్లేసినవాళ్ల కంటే, చెల్లాచెదురుగా మొదలుపెట్టి నెమ్మదిగా ఒక కథ కట్టుకున్నవాళ్లు లాభపడ్డారు. అంటే సాయపడింది భావం బయటికి రావడం ఒక్కటే కాదు, దానికి ఒక క్రమం ఏర్పడటం.

భావానికి పేరు పెట్టడానికే కొంత శక్తి ఉందని 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం చూపించింది. కోపంగానో భయంగానో ఉన్న ముఖాల ఫొటోలు చూస్తూ ఆ భావాన్ని మాటల్లో గుర్తించినప్పుడు, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా స్పందన తగ్గింది, నుదురు వెనక కుడివైపు ఉండే ఒక భాగం చురుగ్గా పనిచేసింది. 'ఏదోలా ఉంది' అనడానికీ 'ఇది అసూయ' అనడానికీ మెదడులోనే తేడా ఉందన్నమాట.

సృజనాత్మక రచన ఇంకో మెట్టు పైకి వెళుతుంది. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న మనిషి మొదట రాసేది సాధారణంగా ఇలా ఉంటుంది: 'నాన్న లేని లోటు భరించలేకపోతున్నాను, గుండె బద్దలవుతోంది.' ఇది నిజం. కానీ చదివేవాళ్లకు ఇందులో చూడటానికి ఏమీ లేదు. అదే మనిషి కొన్నాళ్లకు ఇలా రాస్తే? 'నాన్న పోయిన మూడో వారం ఆయన ఫోన్‌కి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతూ. చార్జింగ్ ఎవరు పెడుతున్నారో అప్పటిదాకా ఎవరూ అడగలేదు.' ఇందులో గుండె లేదు, లోటు లేదు, దుఃఖం అన్న మాట కూడా లేదు. ఆ రెండు వాక్యాలు రాయడానికి మనిషి చాలా నిర్ణయాలు తీసుకోవాలి. ఏ సంఘటన తీసుకోవాలి, ఏది వదిలేయాలి, చార్జింగ్ మాట ముందు చెప్పాలా తర్వాతా, పెట్టిందెవరో చెప్పాలా వద్దా. ఆ నిర్ణయాలు తీసుకుంటున్నంతసేపూ రాసేవాళ్లు దుఃఖంలో ఉంటూనే, దాన్ని పక్కనుంచి చూస్తూ ఉంటారు.

ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ లాంటి మనస్తత్వవేత్తలు 'దూరంగా నిలబడి చూడటం' మీద చేసిన పరిశోధన ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. చేదు జ్ఞాపకాన్ని తన కళ్లతో మళ్లీ అనుభవించేవాళ్ల కంటే, మూడో మనిషిలా చూస్తూ ఇలా ఎందుకు అనిపించిందని ఆలోచించేవాళ్లు తక్కువ కలత చెందారు. పాత్రను సృష్టించడం, ఛందస్సు పాటించడం, కెమెరా ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం, ఇవన్నీ ఆ దూరాన్ని బలవంతంగా తెచ్చిపెడతాయి. 'నేను' స్థానంలో 'ఆమె' అని రాయడం కూడా అందులోకే వస్తుంది. కఠినమైన నియమాలున్న రూపాల్లో ఎన్నో గొప్ప విలాప కవితలు వచ్చాయంటే, ఆ నియమాలు దుఃఖానికి అడ్డం కాలేదనే అర్థం. అవి దానికి గట్టు కట్టాయి.

18 ఏళ్లు పట్టిన శిల్పం

ఈ మార్పుకు ఎంత కాలం పట్టవచ్చో జర్మన్ కళాకారిణి కేథే కోల్విట్స్ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లో ఆమె చిన్న కొడుకు పీటర్ సైన్యంలో చేరతానన్నాడు. 18 ఏళ్ల వయసు. తండ్రి అనుమతి కావాలి, ఆయన ఒప్పుకోలేదు. ఒప్పించింది తల్లే. ఆ అక్టోబరులోనే పీటర్ బెల్జియంలో చనిపోయాడు.

ఆ ఏడాది చివరికే ఆమె స్మారక శిల్పం చేయాలనుకుంది. మొదటి ఆలోచనలో కొడుకు శరీరం ఉంది, తల్లిదండ్రులూ ఉన్నారు. ఏళ్లపాటు దానితో కుస్తీ పట్టి, 1919లో వదిలేసింది. మధ్యలో చేతిలోని మాధ్యమాన్నే మార్చింది. ఎర్న్‌స్ట్ బార్లాహ్ చెక్కముద్రలు (చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చువేసే బొమ్మలు) చూసిన తర్వాత తానూ అటు మళ్లి, 1920ల తొలినాళ్లలో యుద్ధం మీద ఏడు చెక్కముద్రల వరస చేసింది. చెక్కముద్రలో సన్నని నీడలకు చోటు తక్కువ, నలుపూ తెలుపూ మాత్రమే. పిల్లవాణ్ని బలిగా ఎత్తి చూపుతున్న తల్లి, మృత్యువు వెంట పరుగెడుతున్న యువకులు అందులో ఉన్నారు. కొడుకును తానే పంపానన్న అపరాధ భావన ఆ బొమ్మల్లో సూటిగా కనిపిస్తుంది.

ఆ తర్వాతే ఆమె మళ్లీ శిల్పం దగ్గరికి వెళ్లింది. 1932లో పీటర్ సమాధి ఉన్న శ్మశానంలో దాన్ని నిలబెట్టారు. అందులో ఇప్పుడు కొడుకు లేడు. తండ్రి, తల్లి వేర్వేరు దిమ్మెల మీద మోకరిల్లి ఉంటారు. తండ్రి నిటారుగా, తన చేతులతో తననే గట్టిగా పట్టుకుని ఉంటాడు. తల్లి ముందుకు వంగిపోయి ఉంటుంది. ఒకరినొకరు తాకరు. ముఖాల్లో కోల్విట్స్ దంపతుల పోలికలే ఉన్నా, ఆ సమాధుల మధ్య వాళ్లు ఏ తల్లిదండ్రులైనా కావచ్చు. అభినవగుప్తుడు చెప్పిన 'నాది' అన్న హద్దు తొలగడం రాతిలో ఎలా ఉంటుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. కొడుకు బొమ్మ చెక్కాలన్న కోరిక నుంచి, కొడుకును తీసేయాలన్న నిర్ణయం దాకా సాగిన ప్రయాణమే ఆ 18 ఏళ్లు. ఆమె దుఃఖం తీరిపోయిందని దీని అర్థం కాదు. దానికి ఆమె బయట ఒక చోటు కట్టగలిగింది.

బొమ్మలూ మట్టీ

మాటలతో పనిలేని కళల్లో లెక్క కాస్త వేరు. ఎలెన్ విన్నర్, జెన్నిఫర్ డ్రేక్ ప్రయోగాల్లో మనుషులకు విషాదం కలిగించి, కొందరిని ఆ విషాదాన్నే గీయమన్నారు, కొందరిని సంబంధం లేనిదేదో గీయమన్నారు. అప్పటికప్పుడు మనసు ఎక్కువగా కుదుటపడింది సంబంధం లేనిది గీసినవాళ్లకే. కాసేపు ధ్యాస మళ్లడం కూడా మేలే అన్నమాట. 2016లో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలకు 45 నిమిషాలపాటు మట్టి, రంగుపెన్నులు, కొలాజ్ కాగితాలు ఇచ్చి ఇష్టమొచ్చింది చేసుకోమంది. సుమారు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిజాల్ తగ్గింది. ముందు కళానుభవం ఉందా లేదా అన్నదానితో తేడా రాలేదు. పోల్చి చూడటానికి మరో బృందం లేని చిన్న అధ్యయనం కాబట్టి దీని మీద పెద్ద భవనం కట్టకూడదు. కానీ ఊరట కోసం ప్రతిభ అక్కర్లేదన్న మాటకు ఇది అండగా ఉంది.

బాధపడితేనే కళాకారులా?

ఈ విషయంలో అపోహలు ఎక్కువ. హాని చేసేవి కూడా ఇవే. 1987లో నాన్సీ ఆండ్రియాసెన్ 30 మంది రచయితలను పరిశీలించి, 80 శాతం మందికి ఏదో ఒక దశలో డిప్రెషన్ లాంటి మానసిక స్థితి సమస్య ఉందని రాసింది. పోలిక కోసం తీసుకున్నవాళ్లలో అది 30 శాతం. ఈ అంకె విపరీతంగా ప్రచారమైంది. చిన్న సమూహమనీ, ఇంటర్వ్యూ చేసినామెకు ఎవరు రచయితలో ముందే తెలుసనీ వచ్చిన విమర్శలు అంతగా ప్రచారం కాలేదు.

స్వీడన్ ఆరోగ్య రికార్డులతో సైమన్ క్యాగా బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 12 లక్షల మంది రోగుల సమాచారం ఉంది. సృజనాత్మక వృత్తుల్లో ఉన్నవాళ్లకు మొత్తంగా చూస్తే మానసిక వ్యాధులు ఎక్కువగా లేవు, బైపోలార్ (మనసు విపరీతమైన ఉత్సాహానికీ దిగులుకూ మధ్య ఊగే వ్యాధి) ఒక్కటి మినహాయింపు. రచయితల విషయంలో మాత్రం డిప్రెషన్ సహా చాలా ఇబ్బందులు ఎక్కువగానే కనిపించాయి. దాన్ని దాచకూడదు. ఇంకో విశేషం, కొన్ని తీవ్ర వ్యాధులున్నవాళ్ల దగ్గరి బంధువులు సృజనాత్మక వృత్తుల్లో ఎక్కువగా ఉన్నారు. వ్యాధే ప్రతిభ కాదనడానికి ఇది బలమైన సూచన.

బాధ వల్ల పని మెరుగవుతుందా అన్న ప్రశ్నకు ఆర్థికశాస్త్ర పరిశోధనలు ఇచ్చిన రెండు జవాబులు పక్కపక్కన పెట్టి చూడాల్సినవి. 2017లో కరోల్ బోరోవియెట్స్కీ సంగీతకర్తలు మొజార్ట్, బీథోవెన్, లిస్ట్‌ల ఉత్తరాల్లో భావాలను కొలిచి, ప్రతికూల భావాలు, ముఖ్యంగా విషాదం, పెరిగిన తర్వాత ముఖ్యమైన రచనలు ఎక్కువ వచ్చాయని చెప్పాడు. 2018లో కేథరిన్ గ్రాడీ, కార్ల్ లీబర్మన్ చిత్రకారుల మీద చేసిన అధ్యయనం తద్విరుద్ధం. దగ్గరివాళ్లు పోయిన మొదటి ఏడాదిలో వేసిన చిత్రాలు వేలంలో తక్కువ ధర పలికాయి, పెద్ద మ్యూజియంలలోకి చేరే అవకాశమూ వాటికి తక్కువే. రెండూ కొద్దిమంది మీద ఆధారపడినవే, కొలిచిన తీరూ వేరు. కానీ మరణం తెచ్చే గాయానికీ, ఉత్తరాల్లో కనిపించే రోజువారీ దిగులుకూ తేడా ఉంది. గాయం పచ్చిగా ఉన్న తొలి ఏడాది గొప్ప పనిని ఆశించడం అన్యాయమని గ్రాడీ ఫలితాలు సూచిస్తున్నట్టు చదువుకోవచ్చు.

బీథోవెన్ విషయంలో ఇంకో వివరం చూడాలి. చెవుడు ముదురుతోందని తెలిసి 1802 అక్టోబరులో హైలిగెన్‌స్టాట్ అనే ఊళ్లో తమ్ముళ్లకు ఉత్తరం రాశాడు. చావాలనిపించిందనీ, కళే తనను ఆపిందనీ అందులో ఉంది. ఆ ఉత్తరం ఆయన పంపలేదు, చనిపోయాక కాగితాల్లో దొరికింది. మూడో సింఫనీ మీద ప్రధానంగా పనిచేసింది 1803, 1804లలో. ఆ సింఫనీ ఉత్తరానికి స్వరరూపం కాదు. దుఃఖం చెప్పుకున్న కాగితం వేరు, కట్టిన సంగీతం వేరు. రెండింటినీ ఆయన కలిపేయలేదు.

ఆపాల్సిన చోటు, చూపించాల్సిన సమయం

రాసిన పేజీ, గీసిన బొమ్మ పక్కనబెట్టాక కూడా అదే ఆలోచన గంటల తరబడి తిరుగుతుంటే, వారాలు గడిచినా రాతలో అవే వాక్యాలు అలాగే వస్తుంటే, అది సృజన దాటి నెమరువేత అయిందనడానికి గుర్తు. అప్పుడు విషయం మార్చడం, మాధ్యమం మార్చడం, కొన్నాళ్లు ఆపేయడం మంచిది. నిద్ర, తిండి, రోజువారీ పనులు దెబ్బతింటున్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా డాక్టర్ దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వెళ్లాల్సిందే. కళ చికిత్సకు తోడుగా ఉండగలదు, దాని స్థానం తీసుకోలేదు. మందులు వాడితే సృజన పోతుందన్న భయంతో చికిత్స మానేయడం ప్రమాదం. నిజంగా మందకొడితనం అనిపిస్తే ఆ మాట డాక్టర్‌కే చెప్పి, మందో మోతాదో మార్చే వీలుందేమో అడగాలి.

ప్రచురించడం వేరే నిర్ణయం. సొంత బాధలో ఇంకొకరి జీవితం దాదాపు ఎప్పుడూ కలిసే ఉంటుంది. విడిపోయిన భాగస్వామి, జబ్బుపడ్డ తల్లి, మోసం చేసిన స్నేహితుడు, వీళ్లెవరూ ఆ రచనకు ఒప్పుకున్నవాళ్లు కారు. రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బయటపెట్టే ముందు మాత్రం గుర్తుపట్టే వివరాలు మార్చడం, లేదా ఆగడం ధర్మం.

ఇక పాఠకుల సంగతి. బాధలోంచి వచ్చిన పనిని మొదటిసారి చూపించేటప్పుడు, చూసేవాళ్లకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. మూడో చరణం బాగా రాలేదని చెబితే, బాధ అబద్ధమన్నట్టు వినిపిస్తుందేమోనని జంకుతారు. 'అయ్యో' అని ఊరుకుంటే పని మెరుగవదు. అందుకే చూపించేవాళ్లే ముందుగా చెప్పడం మేలు: ఇది విని నా పక్కన కూర్చుంటే చాలు అనో, లేదా ఇందులో ఎక్కడ తేలిపోయిందో చెప్పమనో. రెండో మాట ధైర్యంగా అడగగలిగే రోజు అందరికీ ఒకే సమయంలో రాదు. అది రాకముందే రచనను విమర్శకులకో పోటీలకో పంపితే, తిరస్కరణ వచ్చినప్పుడు దెబ్బ రచన మీద ఆగదు, మనిషికే తగులుతుంది.